నూనె లేని రెక్క

గోపాలపురం సముద్రంలో
ఓడలొచ్చిన రోజుల నాటి స్తంభాలు ఇంకా నిలబడే ఉన్నాయి.
పైన వంతెన లేదు. దిగడానికి మెట్లు లేవు.
తుప్పు ఉంది. తుప్పు మీద సున్నం కొట్టినట్టు
తెల్లగా, చిక్కగా నీటికాకుల రెట్ట.

పొద్దున్న ఏడింటికి నేను వల దులుపుకుంటుంటే
అది అక్కడ, రెండు రెక్కలూ బార్లా చాపి,
ఎవరో నల్ల పంచె పిండి దండెం మీదేసి
మరిచిపోయినట్టు.

బరంపురం నుంచి షికారుకొచ్చినవాళ్లు ఫోన్లు ఎత్తి
"సూర్యుడికి దండం పెడుతోంది" అంటారు.
దండం కాదు తల్లీ. తడి.

బాతుకి ఒంటినిండా నూనె. నీళ్లు జారిపోతాయి, అది తేలుతుంది.
దీనికి అంత నూనె లేదు.
ఈకలోకి నీరు దూరి, దాగిన గాలిని తరిమేస్తుంది.
ఒళ్లు బరువెక్కుతుంది.
ఆ బరువుతోనే అది మునుగుతుంది.
ఈ సంగతి నాకు చెప్పింది మా చిన్నాయన దానేసు.
చదివి కాదు, మునిగి.

స్తంభాలకి వల తగులుకుంటే దిగి విడిపించడం ఆయన పని.
పళ్ల మధ్య కత్తి. నడుముకి తాడు.
రెండో కొస పడవలో, పదకొండేళ్ల నా చేతిలో.
"ఒకసారి లాగితే ఉన్నానని.
రెండుసార్లయితే పైకి లాగీమని."
మూడో మాట సెప్పలేదు.
నేనూ అడగలేదు.

ఆయన దిగిన చోటే అదీ దిగేది.
చిన్న ఎగురు ఎగిరి, మెడ ముందు, తోక చివర,
చప్పుడు లేకుండా.
ఎక్కడ తేలుతుందో మాకు తెలిసేది కాదు.
పందెం కాసేవాళ్లం బీడీలకి, నేనైతే బఠాణీలకి.
ఎప్పుడూ మేం చూడని వైపే
పాములాంటి మెడ ఒకటి లేచేది,
వంకీ ముక్కులో మిలమిలా చేప.
గాల్లోకి ఎగరేసి తల వైపు నుంచే మింగేది.
తోక ముందైతే రెక్కముల్లు గొంతులో ఎదురు తిరుగుతుంది కదా.
కన్ను మాత్రం, దగ్గరగా చూస్తే, పచ్చ.
ఉంగరం రాయి అంత పచ్చ, అంత జాలి లేనిది.

బడిలో దాని పేరు పాణికువా.
పరీక్షలో నేను ఒడియా అక్షరాలతో నీటికాకి అని రాస్తే
కునీ దీదీ పక్కన సున్నా చుట్టింది.
ఆ అక్షరాలన్నీ గుండ్రమే కాబట్టి
అదీ ఒక అక్షరమే అనుకున్నాను చాన్నాళ్లు.

ఒకనాడు తాడు ఒకసారి లాగింది. మళ్లీ ఒకసారి.
రెండో, ఒకటీ ఒకటో, తేల్చుకునేలోపు
ఆయనే తేలాడు, చంకలో నల్లటి గిలగిల.
వలలో చిక్కిందట. బారెడు వల కోసేశాడు.
వల షావుకారిది.
ఆ సీజను మొత్తం మా వాటాలో విరగ్గోశారు.
అదేమో పోతూ పోతూ ఆయన బొటనవేలు చీల్చి
నీళ్ల మీద కాళ్లతో టపటపా కొట్టుకుంటూ, పరిగెత్తి పరిగెత్తి,
పడుతుందనుకున్నాక లేచింది.
"దానికేటి తెలుసు" అన్నాడు రక్తం చప్పరించి.

తర్వాత తర్వాత ఆయన చెవులు పోయాయి,
ముందు ఎడమది. లోతు తినేసింది.
దానికీ పాట లేదు. సముద్రం మీద ఊరికే ఉంటుంది,
గూటి దగ్గర మాత్రం పందిలా గుర్రుమంటుంది.
మా పిన్ని ఆ మాటకి పడీ పడీ నవ్వుతుంది,
"అచ్చం మీ చిన్నాయనే."

చలికాలం ఆయన వచ్చి నా పక్కన ఇసకలో కూచుంటాడు.
చూపు కూడా మసకే ఇప్పుడు.
స్తంభం మీద అది వాలితే
తువ్వాలు కొస పట్టుకుని ఒకసారి లాగుతాను.
కాసేపాగి ఆయనా లాగుతాడు.
ఒక్కసారే.

ఎండ ఇంకా ఎక్కలేదు.
అది అటు తిరిగి రెండో రెక్క విదిల్చింది,
ముక్కు చివర ఒక బొట్టు
పడక, అలాగే.